తెల్ల మిరపకాయలు, నల్ల ఆకాశం

నేను కెమెరా ముఖం పైకెత్తి భవనాన్ని ఫోటో తీయను. పైకెత్తితే గోడలు వెనక్కి వాలుతాయి, గోపురం పడిపోతున్నట్టు కనిపిస్తుంది. ఫోన్లతో తీసేవాళ్ళ ఫోటోలన్నీ అలాగే ఉంటాయి. కెమెరా స్టాండు మీద నేలకు సమంగా ఉండాలి, గోడ గోడలా నిలబడాలి. ఈ నియమం నాకు ఎవరూ నేర్పలేదు. మా ఇంట్లో కుర్చీలో వెనక్కి ఆనుకుని కూర్చోవడమే తప్పు. మా తాత జ్వరంలో కూడా నిటారుగా కూర్చుని మందు తాగేవాడని చెప్పేవారు. నా భార్య మాత్రం, మా వాళ్ళు నాకు వదిలి వెళ్ళిన ఆస్తి ఆ వెన్నుపూస ఒక్కటేనంటుంది. పూర్తిగా నిజం కాదు. మా నాన్న కెమెరా కూడా ఉంది.

మా ముత్తాతకు గుంటూరు దగ్గర పత్తి మిల్లు ఉండేది. చుట్టుపక్కల ఊళ్ళ పత్తి అంతా మా బళ్ళ మీద మా ఆవరణలోకి వచ్చి, గింజ వేరై, బేళ్ళుగా బయటికి వెళ్ళేది. ఆ రోజుల్లోనే ప్రత్తిపాడు దాటాక ఉన్న ఒక ఊళ్ళో మిషన్ దొరలు రాతి చర్చి కట్టించారు. మొన తేలిన కమాను కిటికీలు, సన్నగా ఆకాశంలోకి సాగిన గంట గోపురం, గోడకు ఆనించిన రాతి దన్నులు. ఆ రాయంతా వినుకొండ వైపు నుంచి మా బళ్ళ మీదే వచ్చిందని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చర్చి పూర్తయ్యాక ముత్తాత అదే మేస్త్రీని పిలిపించి, తన ఇంటికి అవే కమాను కిటికీలు పెట్టించుకున్నాడు. మేము ఆ మతం వాళ్ళం కాదు. కాని కిటికీ బాగుంది, కాబట్టి పెట్టించుకున్నాడు. ఆయనకు అంతకన్నా కారణం అవసరం ఉండేది కాదు.

నేను ఆ కిటికీల కింద పెరిగాను. ముందు గదిలో పగలు పది గంటలకు నేల మీద కమాను ఆకారంలో ఎండ పడేది. మిల్లు మా తాత హయాంలో పోయింది, పొలాలు మా నాన్న హయాంలో పోయాయి, ఇల్లు చివరన పోయింది. నేను అప్పటికి ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారిని. ఇల్లు కూల్చేస్తున్నారని కబురు వచ్చి బస్సు దిగేసరికి జేసీబీ తన పని ముగించి వెళ్ళిపోయింది. ఇప్పుడక్కడ మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది. ఒక్క కిటికీకీ ఫోటో లేదు. కెమెరా నా దగ్గరే ఉంది, తీయాలని ఏనాడూ తోచలేదు. రేపూ ఉండేదాన్ని ఎవరు ఫోటో తీస్తారు?

ఆ తర్వాత మొదలుపెట్టాను. గుంటూరు నుంచి చీరాల దాకా, వినుకొండ దాకా, ఆ రకం కమాను కనిపించిన ప్రతి కట్టడాన్నీ నలుపు తెలుపులో తీశాను. పాత చర్చిలు, మిషన్ ఆసుపత్రులు, హాస్టళ్ళు, మూతపడ్డ మిల్లులు. ఫిల్ము కొరియర్‌లో వస్తుంది. పగటి పూట బాత్రూం కిటికీకి నల్ల గుడ్డ కట్టి నేనే కడుగుతాను. రంగుల్లో ఎందుకు తీయరని అడుగుతుంటారు. ఇప్పుడు చర్చి అంటే చిలకపచ్చ గోడ, గులాబి రంగు గోపురం, మీద ఫ్లెక్సీ, చుట్టూ సీరియల్ లైట్లు. నలుపు తెలుపులో అవన్నీ తగ్గి కట్టడం మిగులుతుంది. నా పని నాకు బాగా వచ్చు. అది చెప్పుకోవడానికి మొహమాటపడను.

పోయిన ఏడాది మిరప కోతలు జోరుగా ఉన్న రోజుల్లో ఆ రాతి చర్చి పాస్టరుగారు ఫోన్ చేశారు. వినయంగల మనిషి, నాకన్నా చాలా చిన్నవాడు.

"అండీ, ఈస్టరు లోపు ముందు గోడంతా సిమెంటు పూసి టైల్సు అతికిద్దామంటున్నారు కమిటీ వాళ్ళు. కిటికీలు తీసేసి అల్యూమినియం స్లైడింగు పెడతారంట. నాకు మనసు ఒప్పట్లేదు. మీరొక ఫోటో తీసి పెద్దది చేయిస్తే ఆదివారం ఆరాధన అయ్యాక అందరికీ చూపిస్తాను. రోజూ చూసే గోడ కదండీ, వాళ్ళకి కనపడటం లేదు. ఫోటోలో అయినా కనపడుతుందేమో."

నేను ఆయన కోసం ఒప్పుకోలేదు. మా ఇంటి కిటికీలు చేసిన చెయ్యే చేసిన కిటికీల్లో భూమ్మీద మిగిలినవి అవే. అవి కూడా నేను బస్సు దిగేసరికి పోకూడదు.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళాను. చర్చి ముందు గట్టి నేలంతా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఆ ఊళ్ళో కల్లానికి చోటు లేని సంఘస్థులకు చర్చి ఆవరణ ఇవ్వడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఆ ఏడు అక్కడ పోసుకున్నది స్త్రీల సమాజం పెద్ద. అరవై దాటిన మనిషి, కౌలుకు మిరప వేస్తుంది. వాళ్ళ పెద్దలు మా పొలాల్లో పని చేసినవాళ్ళు. ఆమె అంచున నిలబడి, కర్ర పలకతో కాయల్ని తిరగేస్తోంది. పక్కన బస్తాలు ఎత్తిన ట్రాక్టరు ట్రాలీ ఆగి ఉంది.

నేను స్టాండు వేసి కెమెరా సమంగా నిలిపాను. సమంగా నిలిపితే వచ్చే చిక్కు ఒకటుంది. గోపురం కొస ఫ్రేములోకి రావాలంటే బాగా వెనక్కి జరగాలి. వెనక్కి జరిగితే కింద సగం ఫోటో నేలే వస్తుంది. ఆమె కాసేపు చూసింది.

"బాబుగారూ, ఆ ట్రాలీ ఎక్కి తీయరాదూ? కొసదాకా కనపడిద్ది. కాయలు అడ్డమైతే చెప్పండి, పట్ట ఇటు లాగిస్తా."

"అక్కర్లేదమ్మా. నీ పని నువ్వు చూసుకో."

మా ఇంట్లో ఒకరిని ఒకటి అడగడం గాని, అడక్కుండా ఇచ్చింది తీసుకోవడం గాని అలవాటు లేదు. నేల వస్తే రానీ అనుకున్నాను. లెన్సుకు ఎర్ర ఫిల్టర్ బిగించాను. అది నీలాన్ని ఆపేస్తుంది, కాబట్టి ఫోటోలో ఆకాశం నల్లబడుతుంది. ఎరుపును పూర్తిగా రానిస్తుంది, కాబట్టి ఎర్రటి వస్తువు తెల్లగా వస్తుంది. నడినెత్తి ఎండ, నల్లని ఆకాశం, దాని మీదికి దూసుకుపోయే గోపురం. అలాంటి కట్టడాలకు అది తిరుగులేని పద్ధతి.

ప్రింటు చూసి నాకు చాలా కాలం తర్వాత ఒళ్ళు పులకరించింది. గోపురం వెంట్రుకవాసి కూడా వాలలేదు. ఆకాశం సిరాలా ఉంది. ముందున్న మిరపకాయలన్నీ తెల్లగా, మా మిల్లు ఆవరణలో పత్తి పరిచినట్టు వచ్చాయి. అది నేను కోరింది కాదు, అయినా వచ్చింది. గుంటూరులో మూడడుగుల ఎత్తు చేయించి, ఫ్రేము కట్టించి, ఆటోలో పక్కన కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరుగారు ఫోటో మీది గుడ్డ తీశారు. నేను నిలబడి ఉన్నాను. అందరి చూపూ దాని మీదే ఆగింది. ఫోటో పని చేసిందనుకున్నాను.

ముందు చాప మీద కూర్చున్న ఒక ముసలాయన మెడ చాచి చూశాడు.

"వానెప్పుడు పడింది?"

"ఏం వాన, తాతా?" అన్నారు పాస్టరుగారు.

"ఆ మబ్బు చూడు ఎట్టా కమ్మిందో. కాయలు కూడా తడిసినయ్యిగా. మొత్తం తాలు తేలిపోయినయ్యి."

వెనక నుంచి ఎవరో నవ్వారు. "తాతకి చూపు బాగానే ఉందిరోయ్. అయ్యన్నీ తాలే."

మా వైపు వాళ్ళకు తాలు కాయ గురించి చెప్పనక్కర్లేదు. తడిసి, రంగు పోయి, తెల్లబారిన మిరపకాయ. దాన్ని ఏరి పక్కన పోస్తారు, మిర్చి యార్డులో ఎవరూ దాని వైపు చూడరు. కల్లం మీద కాయలుండగా మబ్బు నల్లబడటం కన్నా చెడ్డ దృశ్యం ఆ ఊళ్ళో లేదు. నేను మూడడుగుల ఎత్తున అదే చేయించి తెచ్చాను. పత్తి వ్యాపారి మునిమనవడికి అందులో పత్తి కనిపించింది. మిరప రైతులకు పోయిన పంట కనిపించింది.

స్త్రీల సమాజం పెద్ద లేచి నిలబడింది.

"అయ్యి నా కాయలు. ఒక్క తాలు లేకుండా ఏరించా. ఎవరికైనా అనుమానముంటే బయటికెళ్ళి చూసి రండి."

కమిటీ పెద్ద రిటైరైన హెడ్మాస్టరు. టైల్సు పట్టుదల ఆయనదే. ఆయన ఫోటో దగ్గరికి వచ్చి వేలు పెట్టాడు.

"కాయల సంగతి తర్వాత చూద్దామమ్మా. ముందు ఈ రాయి చూడండి. బొగ్గులాగుంది. పాడుబడ్డ కోట మాదిరుంది. నేను మొదట్నించీ చెప్తున్నది ఇదే. మంచిదైంది, డ్రాయింగు మాస్టారు ఫోటో తీసి మరీ చూపించారు."

నేను ఫిల్టర్ గురించి వివరించాను. ఎరుపు తెల్లగా ఎందుకు వస్తుందో, నీలం నల్లగా ఎందుకు వస్తుందో, తరగతిలో చెప్పినట్టే చెప్పాను. ముసలాయన శ్రద్ధగా విన్నాడు.

"అంటే ఉన్నది ఉన్నట్టు రాదన్నమాట."

 

హెడ్మాస్టరు టైల్సుకు చేతులెత్తమనబోతుండగా స్త్రీల సమాజం పెద్ద మళ్ళీ అంది. "వచ్చే ఆదివారం దాకా ఆగండి. బాబుగారి చేత మళ్ళీ తీయిస్తా."

"ఒక కట్టడాన్ని నేను రెండుసార్లు తీయను," అన్నాను.

"మీ ఇష్టం. తీయకపోతే సోమవారం సిమెంటు దిగిద్ది."

ఇంటికి వచ్చి నా భార్యకు చెప్పాను. తను చిక్కుడుకాయలు తుంచుతోంది.

"తీయిస్తానందా?"

"అదే మాట."

"మరి తీయించుకోండి. నలభై ఏళ్ళుగా నేను చెప్పి ఒక్క పనీ చేయించలేకపోయాను. ఆవిడెలా చేయిస్తుందో చూద్దాం."

ఆ సాయంత్రం ప్రింటును బల్ల మీద పెట్టి భూతద్దంతో చూశాను. తప్పు వెతకడానికి కాదు, తప్పు లేదని తేల్చుకోవడానికి. గోపురం సరిగ్గా ఉంది. కమాను దగ్గర ఆగాను. నడినెత్తి ఎండకు కమాను కింద నీడ పడింది. ఎర్ర ఫిల్టర్ ఆ నీడను మరింత ముంచేసింది. కమాను మొన ఉంది గాని దాని కింద రాతి చట్రం లేదు, చెక్కిన అంచు లేదు, ఏమీ లేదు. మూడు నల్లటి గుంటలున్నాయి. నేను ఏ కిటికీల కోసం వెళ్ళానో ఆ కిటికీలు నా ఫోటోలోనే లేవు. ఆ ఫోటో చూసి వాటిని ఉంచమని ఎవరైనా ఎందుకంటారు?

బుధవారం మొదటి బస్సుకు వెళ్ళాను. ఏడు కావస్తోంది. ఆమె రాత్రి కప్పిన పట్టలు తీయిస్తోంది. ట్రాలీ నిండా మిరప బస్తాలున్నాయి. నేను దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆమె నా వంక ఒకసారి చూసి మళ్ళీ పట్టల వైపు తిరిగింది. నేను నోరు తెరిచి అడిగితే తప్ప సాయం చేయదని అర్థమైంది.

"ఆ ట్రాలీ ఎక్కనిస్తారా?" అన్నాను.

"చెప్పులు విప్పి ఎక్కండి. తినే కాయలు."

నావి బూట్లు, పాలిష్ చేసినవి. విప్పి చక్రం పక్కన పెట్టాను. చక్రం మీద కాలు పెట్టి ఎక్కాను. స్టాండును ఆమె కిందనుంచి అందించింది. బస్తాల మీద నిలబడగానే ఘాటు ముక్కులోకి, గొంతులోకి వెళ్ళింది. దగ్గు ఆగలేదు. దగ్గుతుంటే స్టాండు ఊగుతోంది. పొద్దుటి వెలుగులో షట్టరు కాస్త ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, ఈ ఊపులో పనికాదు.

"ఇంద, ఇది కట్టుకోండి," అని ఆమె ఒక తువ్వాలు కుండలో ముంచి పైకి విసిరింది. ముక్కుకు కట్టుకున్నాను. మా తాత చూస్తే ఏమనేవాడో ఆలోచించలేదు. తర్వాత ఆలోచించాను.

ఎండ పక్క నుంచి ఏటవాలుగా గోడ మీద పడుతోంది. ఆ గోడను నేను చిన్నప్పటి నుంచి ఎరుగుదును, కాని మధ్యాహ్నపు ఎండలోనే ఎరుగుదును. పొద్దుటి వెలుగులో రాయి బూడిద రంగు కాదు, లేత గులాబి. ప్రతి రాతి మీదా ఉలి దెబ్బలు వేటికవి కనిపిస్తున్నాయి. కిటికీల మధ్య వరకు రాళ్ళు పెద్దవి, అక్కడి నుంచి పైకి చిన్నవి. ఎవరో గోడకు అడ్డంగా గీత గీసినట్టు ఉంది. అది మేస్త్రీ చూపిన సొగసని అన్నాను.

"సొగసు కాదు బాబుగారూ," అంది ఆమె కిందనుంచి. "మీ బళ్ళు అక్కడిదాకే వచ్చినయ్యి."

"చర్చి రాయంతా మా బళ్ళ మీదే వచ్చింది."

"మీ ఇంట్లో అట్టా చెప్పుంటారు. కింద సగం మీయే, కాదన్లా. తర్వాత పత్తి దిగింది. మీ ముత్తాతగారు బళ్ళు మిల్లుకి కావాలని వెనక్కి పిలిపించారంట. మిగతా రాళ్ళు వాగు అవతల దింపేసి పోయారు. మా తాతమ్మ, ఇంకా పాతిక మంది ఆడవాళ్ళు వాటిని నెత్తికి సరిపోయేట్టు పగలగొట్టించి, వాగు దాటించి మోశారు. అందుకే చిన్నయ్యి."

నేను ఒక్క క్షణం కూడా అనుమానించలేదు. పత్తి దిగితే మా ముత్తాత దేనికీ ఆగే మనిషి కాదు. ఆ సంగతి గొప్పగానే చెప్పేవారు మా ఇంట్లో. ఆ రోజు బళ్ళు ఎక్కడి నుంచి వెనక్కి వచ్చాయో మాత్రం చెప్పలేదు.

"నాకు తెలియదు," అన్నాను తువ్వాలులోంచి.

"ఎట్టా తెలిసిద్ది? మీరెప్పుడూ పన్నెండింటికి వచ్చిపోతారు. ఇక తీయండి, ఎండ పైకొస్తే ఆ గీత కనపడదు."

ఎర్ర ఫిల్టర్ తీసి ఆకుపచ్చ ఫిల్టర్ బిగించాను. అది ఎరుపును ఆపేస్తుంది, మిరపకాయలు నల్లగా వస్తాయి. ఆకాశం తెల్లబడి చప్పగా ఉంటుందని తెలుసు. ట్రాలీ ఎత్తు వల్ల నేల తగ్గింది, కెమెరా సమంగానే ఉంది, గోపురం కొసదాకా నిటారుగా వచ్చింది. ఊపిరి బిగబట్టాను. ఆమె రెండు చేతులతో ట్రాలీ అంచు పట్టుకుంది, దాన్ని ఆపగలిగినట్టు. నాలుగు ఫోటోలు తీశాను. మూడింట్లో దగ్గు ఉంది.

ఆదివారం ఈసారి నేను వెనక నిలబడ్డాను. గుడ్డ తీశాక ముందుగా లేచింది ఆ ముసలాయనే. కాయలు చూశాడు. "ఆ, ఇప్పుడు ఎండినయ్యి," అన్నాడు. తర్వాత చూపు పైకి వెళ్ళింది. రాళ్ళు మారే చోట ఆగింది. వేలితో ఆ గీత పొడవునా గీశాడు.

"ఇక్కడ్నించి మా అమ్మమ్మ వాళ్ళు," అన్నాడు.

ఆ తర్వాత మాట నాది కాదు, పాస్టరుగారిదీ కాదు. జనం ఫోటో చుట్టూ మూగారు. ఎవరి తాతమ్మ ఏ వైపు మోసిందో వాదులాట మొదలైంది. ఒకామె గంట కింది వరుస మొత్తం తమ ఇంటిదంది. "మీ ఇంట్లో అంత బలమెవరికుందే?" అని ఇంకొకామె ఎత్తిపొడిచింది. కొందరు ఫోటో వదిలి బయటికి వెళ్ళి అసలు గోడనే చూడసాగారు. హెడ్మాస్టరు కూడా వెళ్ళాడు. గోడకు దగ్గరగా నిలబడి చాలాసేపు తల ఎత్తి చూశాడు. లోపలికి వచ్చి కండువా సర్దుకున్నాడు.

"మా నాయనమ్మకి నడినెత్తిన జుట్టు ఉండేది కాదు. ఎందుకో నేనెప్పుడూ అడగలేదు," అన్నాడు. కమిటీ వాళ్ళ వైపు తిరిగి, "పక్క గోడలకి పూత వేద్దాం. ముందు గోడ జోలికి పోవద్దు. కిటికీలు కూడా అట్టానే ఉండనీండి," అన్నాడు.

స్త్రీల సమాజం పెద్ద ముందు చెయ్యెత్తింది. మిగతా చేతులు ఆ తర్వాత లేచాయి.

పక్క గోడలకు లేత నీలం రంగు వేశారు. ఈస్టరుకు ముందు గోడ మీద సీరియల్ లైట్లు వేలాడదీశారు. రెండూ నాకు నచ్చలేదు, చెప్పాను కూడా. కాని ఆ మూడు కిటికీలు ఉన్నాయి. పొద్దున పది గంటలకు లోపల నేల మీద కమాను ఆకారంలో ఎండ పడుతుంది. వెళ్ళి చూసి వచ్చాను.

ఆమె ఒక ప్రింటు అడిగింది. తీసుకెళ్ళి ఇచ్చాను. నా ప్రింట్ల వెనక ఊరు, వేళ, ఫిల్టర్ రాయడం నా అలవాటు. దీని వెనక ఇంకో వాక్యం కూడా రాశాను. ఆమె తిప్పి చూసి, కళ్ళజోడు లేదని నన్నే చదవమంది.

"పై సగం రాళ్ళు ఆడవాళ్ళ తలల మీద వచ్చాయి," అని చదివాను.

"కింద సగం మీ బళ్ళ మీదొచ్చినయ్యని రాయలేదే?"

"అక్కర్లేదనుకున్నాను."

"రాయండి. ఉన్నది ఉన్నట్టు ఉండాల."

జేబులోంచి పెన్ను తీసి, ఆమె వసారాలో నిలబడే రాశాను.

మొదటి ఫోటో మా ముందు గదిలో ఉంది. ఫోటోగా అదే గొప్పదని ఇప్పటికీ నా అభిప్రాయం, మార్చుకోను. పల్లెల నుంచి ఎవరైనా వస్తే దాని ముందు ఆగి, అది ఏ ఏడాది వాన అని అడుగుతారు. వాన కాదు, ఎర్ర ఫిల్టర్ అని చెబుతాను. వినేవాళ్ళు తలూపుతారు. అయినా పోయేముందు ఇంకోసారి ఆ కాయల వంక చూసి, పాపం అంటారు.